ఎదురూపిరి

మా బావ ఏ మాట మీదా పూటంతా నిలబడే మనిషి కాడు. టీ మానేశానని పొద్దున ప్రకటిస్తాడు, మా అక్క గిన్నె కడిగి బోర్లించేలోపే నా కప్పులోది సగం తనకి పొయ్యమంటాడు. సోఫా కిటికీ దగ్గరుంటే బాగుంటుందంటాడు, ఇద్దరం కలిసి జరిపాక ఎండ మొహాన కొడుతోందని నామీద ఎగురుతాడు. ఆరోగ్యం కోసమని ఒక సైకిల్ కొన్నాడు, అది ఇప్పుడు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. అలాంటి మనిషికి మా వృత్తిలో పెట్టిన పేరు ‘రాయి’. నీళ్ళ కింద ఆయన కెమెరా పట్టుకుంటే బొమ్మ వెంట్రుకవాసి కదలదట. ‘రాయిగారు వచ్చారా’ అంటారు. ‘రాయిగారైతే ఒక్క దిగుడులో పని అయిపోతుంది’ అంటారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మేం తీసేది సినిమాలేం కాదు. వంతెనల స్తంభాలు, తూముల తలుపులు, రేవు గోడల పునాదులు నీళ్ళ కింద ఎక్కడ పగిలాయో, ఎక్కడ తుప్పు తినేసిందో వీడియో తీసి పైన కూర్చున్న ఇంజినీర్లకి చూపించడం మా పని. గాజు ముఖమున్న అల్యూమినియం డబ్బాలో కెమెరా ఉంటుంది. డబ్బాకి అటూ ఇటూ రెండు పిడులు. అందులోంచి ఒక తీగ పైదాకా వెళ్ళి వాళ్ళ తెరకి తగులుకుంటుంది. పగులు ఎంత వెడల్పుందో వాళ్ళు ఆ తెర మీదే కొలుస్తారు. బొమ్మ ఊగితే కొలత కుదరదు, కొలత కుదరకపోతే మళ్ళీ దిగాలి. మా విద్య అంతటితో సరి. బావ మాత్రం దాని గురించి ఏదో పెద్ద బహుమతి అందుకుంటున్నవాడిలా మాట్లాడతాడు.

నేల మీద కెమెరామన్ బొమ్మ కదలకూడదనుకుంటే ఊపిరి బిగబడతాడు. నీళ్ళ కింద అదే పని చేస్తే చస్తాడు. సిలిండర్ గాలి పీల్చి, బిగబట్టి, తనకి తెలియకుండా కాస్త పైకి తేలాడంటే చాలు, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. అందుకని పీలుస్తూనే ఉండాలి, వదులుతూనే ఉండాలి. పీలిస్తే రొమ్ము నిండి మనిషి పైకి లేస్తాడు, వదిలితే కిందికి దిగుతాడు. మనిషితోపాటు డబ్బా, డబ్బాతోపాటు బొమ్మ. పోనీ కాళ్ళు అడుగున ఆనించి నిలబడదామా అంటే బురద లేచి కళ్ళ ముందు ఏమీ కనపడదు. నీళ్ళ మధ్యలో వేలాడుతూనే తీయాలి.

ఇంత తిరకాసులో మా బావ బొమ్మ ఎందుకు ఊగదంటే, వెనక నేనుంటాను కాబట్టి.

మొట్టమొదటిసారి ఒక వంతెన స్తంభం దగ్గర దిగినప్పుడు బ్రహ్మాండంగా ఊగింది. పైన పడవలో తెర చూస్తున్న ఇంజినీరొకాయన కళ్ళు తిరిగి, పొద్దున తిన్నదంతా నీళ్ళపాలు చేశాడు. తప్పు ప్రవాహానిదని తేల్చాడు బావ. “నువ్వు వెనకనుంచి నా బెల్టు పట్టుకోరా, నన్ను నీళ్ళు తోసేస్తున్నాయి,” అన్నాడు. పట్టుకున్నాను. నీళ్ళు తొయ్యడం లేదు, పాడూ లేదు. ఆయన పీల్చినప్పుడల్లా తను లేస్తూ నన్నూ లేపుతున్నాడు, వదిలినప్పుడల్లా నన్నూ కిందికి దించుతున్నాడు. కాసేపు ఓర్చుకున్నాను. తర్వాత చిరాకెత్తి, ఆయన పీల్చినప్పుడు నేను వదిలాను. ఆయన వదిలినప్పుడు నేను పీల్చాను. ఇద్దరం ఉన్నచోటే ఉండిపోయాం. పైన ఇంజినీర్లు చప్పట్లు కొట్టారని తర్వాత తెలిసింది, బావకోసం.

ఆ రోజునుంచీ నీళ్ళలో నా ఊపిరి నేను తీసుకున్నది లేదు. ఆయన బుడగల చప్పుడు వింటూ, దానికి ఎదురూపిరి తీస్తూ గడిపాను. ఆయన భయపడితే ఊపిరి పొట్టిదవుతుంది, నేనూ పొట్టిది చేయాలి. తిన్నది ఎక్కువైతే ఆయాసపడతాడు, నేనూ ఆయాసపడాలి, తిరగేసి. ఆయనకి ఎప్పుడు దగ్గొస్తుందో ఆయనకన్నా ముందు నాకు తెలిసేది. కన్నతల్లి కూడా ఆ మనిషి ఊపిరిని అంత శ్రద్ధగా విని ఉండదు.

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. పేరు ఆయనకి వెళ్ళింది. నాకు దక్కిన పేరు ‘సీసం’. నీళ్ళలోకి దిగేవాళ్ళు తేలిపోకుండా నడుముకి సీసం దిమ్మలు కట్టుకుంటారు. “ఇవి నా చిన్న సీసం దిమ్మలు, అదిగో వాడు నా పెద్ద సీసం,” అని పడవవాళ్ళకి నన్ను పరిచయం చేసేవాడు బావ. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ పళ్ళికిలించేవాణ్ణి. ఏం చేస్తాం, అక్క మొగుడు.

ఒకసారి చెప్పి కూడా చూశాను. దిగుడు అయ్యాక గట్టు మీద తడిబట్టలు ఆరేస్తూ, మర్యాదగానే చెప్పాను.

“బావా, బొమ్మ కదలనిది మీ చేతివల్ల కాదు. మీరు పీల్చినప్పుడు నేను వదులుతున్నాను. అందువల్ల.”

బావ తల ఒకపక్కకి వంచి, తువ్వాలు కొస చెవిలో దూర్చి తిప్పుకుంటూ విన్నాడు.

“ఊపిరి ఎవడైనా తీస్తాడ్రా. వీధి చివర కుక్క కూడా తీస్తుంది. కెమెరా పట్టినవాడే కెమెరామన్,” అన్నాడు. అని రెండో చెవి తుడుచుకున్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంతటితో మానేశాను. మనసులో మాత్రం ఒకటి గట్టిగా పెట్టుకున్నాను. ఏదో ఒకనాడు ఈయన్ని ఒంటరిగా నీళ్ళలోకి దింపేవాళ్ళు దొరక్కపోరు. ఆనాడు రాయి ఎలా తేలుతుందో నలుగురూ చూస్తారు.

దొరికారు. సముద్రం అడుగున పెరిగే గడ్డి మీద ఏడాది పొడుగునా ఒక చిత్రం తీయడానికి ఓడ బయలుదేరబోతోంది. గడ్డి మీద ఏడాది. కెమెరామన్‌కి అందులో ఒక్కటే పడక ఉంది. బావ మా పనుల్లోంచి నదురైన ముక్కలు ఏరి పంపించాడు. అవి చూసి వాళ్ళు మురిసిపోయి, ఒకసారి వచ్చి తమ ముందు దిగి చూపించమన్నారు. దిగేది ఒక్కరేనని మరీ మరీ చెప్పారు.

ఆ పడక నాకు కావాలి. నాకు ఓడ మీద మోజు లేదు, గడ్డి మీద అంతకన్నా లేదు. ఒక్కసారి, ఒక్కచోట, ఆ నిలకడ నాదని తెలిసినవాళ్ళెవరైనా పైకి అనాలి. బావ ఓడిపోతే నా ఆకలి తీరదు. ఎందుకు ఓడిపోయాడో అందరికీ తెలియాలి, ఆ తర్వాత వాళ్ళు నావైపు తిరగాలి. నేను కోరుకున్నది ఇంతే. ఈ కోరికకి నేను అప్పుడూ సిగ్గుపడలేదు.

వెళ్ళేముందు ఇంట్లో బావ సాధన మొదలుపెట్టాడు. గ్లాసునిండా నీళ్ళు పోసి, చెయ్యి బారుగా చాపి, హాల్లో ఈ చివరనుంచి ఆ చివరకి నడిచేవాడు. “నిండుకుండ తొణకదు,” అని మాకు వినిపించేలా అనేవాడు. సోఫా మీద సగం, పేపరు మీద సగం పోసి గ్లాసు ఖాళీగా పట్టుకెళ్ళి వంటింట్లో పెట్టేవాడు. మా అక్క ఏమీ అనకుండా గుడ్డ తెచ్చి తుడిచేది. ఆవిడ మాటలు పొదుపుగా వాడుతుంది. ఆ ఇంట్లో మాటలన్నీ ఒకరే వాడేస్తుంటే ఇంకొకరు ఏం చేస్తారు.

“తమ్ముణ్ణి కూడా తీసుకెళ్దాం,” అంది ఆవిడ, బావ బట్టలు సర్దుతూ.

“వాడెందుకు? ఒక్కరే దిగాలన్నారుగా.”

“మీ సంచులు ఎవరు మోస్తారు?”

బావకి ఆ కారణం సబబుగా తోచింది. అక్క ఇంకో చొక్కా మడతపెట్టి, నావైపు చూడకుండానే, “నీ నీటిబట్టలు కూడా పెట్టుకోరా,” అంది.

వాళ్ళు రమ్మన్నచోటు నీళ్ళలో దిగడం నేర్పే లోతైన కొలను. గట్టు పక్కనే ఒక గది, గదిలో బెంచీలు, గోడకి తెర. కొలను అవతలి గోడ మీద ఒక తెల్లపలక బిగించి దాని మీద నల్లగా కూడిక గుర్తు వేశారు. గదిలో తెర మీద కూడా అంటుకునే టేపుతో అదే గుర్తు అతికించారు. ఎక్కడా కాలూ చెయ్యీ ఆనించకుండా నీళ్ళ మధ్య నిలిచి, కెమెరాలో ఆ నల్లగుర్తుని ఈ టేపు గుర్తు మీద కూర్చోబెట్టి ఉంచాలి. చాలనుకున్నప్పుడు ఇనుపనిచ్చెన మీద పానాతో కొడతారు. ఆ చప్పుడు నీళ్ళలోకి బాగా వినిపిస్తుంది.

కొట్టేది ఓడ తాలూకు పెద్దావిడ. మెడదాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, చేతిలో పానా. ఆవిడకి నేను లోపల ‘ఓడావిడ’ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ బావని “కూర్చోండి” అంది, నన్ను అసలు చూడలేదు. నా భుజాన ఉన్న సంచులు చూసి ఉంటుంది, అవి చూశాక మనిషిని చూడటం ఎవరికీ అవసరం ఉండదు.

బావకంటే ముందు ఒకమ్మాయి దిగింది. చేపల పెంపకం దగ్గర నీళ్ళలో వేసిన వలలు చిరిగాయేమో వీడియో తీసే పనట ఆ అమ్మాయిది. నల్లగుర్తు టేపు మీద కూర్చుంది, సన్నగా వణికింది, అక్కడే ఉంది. పిచ్చుక ఊపిరంత ఊపిరి తీస్తోంది ఆ పిల్ల. బావ కాలు మీద కాలు వేసుకుని, “వలలు తీసినంత తేలికనుకుంది పాపం,” అన్నాడు నాతో. తేలిగ్గానే తీసిందని నేను అనలేదు.

తర్వాత మా రాయిగారు దిగారు.

నేనూ అక్కా బెంచీ మీద పక్కపక్కన కూర్చుని తెర చూశాం. నల్లగుర్తు వచ్చి టేపు మీద కూర్చుంది. ఆ వెంటనే నెమ్మదిగా కిందికి జారిపోయింది, అంటే ఆయన పైకి పోతున్నాడన్నమాట. మళ్ళీ వచ్చింది, టేపు దాటి పైకి పోయింది. మళ్ళీ జారింది. ఇంటి గేటు దగ్గర పిల్లలు వేలాడి ఊగినట్టు ఊగుతోంది బొమ్మ. ఎంతకాలం ఎదురుచూశాను దీనికోసం. కడుపు చల్లబడిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. ఆయన ఊపిరి ఎప్పుడు తీస్తాడో నాకు తెలుసు కాబట్టి, బొమ్మ ఎప్పుడు జారుతుందో ముందే చెప్పగలిగేవాణ్ణి. బొమ్మ ఒక్క క్షణం ఆగింది. ఊపిరి బిగబట్టాడు మూర్ఖుడు. ఓడావిడ లేచి గట్టు మీదికెళ్ళి పానాతో నిచ్చెన విరిగేలా కొట్టింది.

“పైకి రమ్మనండి. అక్కడే ఉంటే చస్తాడు,” అంది పక్కవాళ్ళతో.

బావ తువ్వాలు కప్పుకుని గదిలోకి వచ్చాడు. ఆయన మొహంలో సిగ్గుకోసం వెతికాను. ఆ సరుకు ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

“ఈ కొలనులో నీళ్ళు పలచగా ఉన్నాయండీ,” అన్నాడు. “మనిషికి పట్టు దొరకడం లేదు.”

ఆడలేనివాళ్ళు మద్దెల ఓడంటారు. మా బావ నీళ్ళే ఓడన్నాడు. ఓడావిడ ఆ మాటని విననట్టే వదిలేసింది.

“మీరు పంపినవాటిలో బొమ్మ ఇలా లేదే. అప్పుడు నీళ్ళలో మీతోపాటు ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరండీ,” అన్నాడు బావ. “మా బామ్మర్దే.”

నేను లేచి నిలబడ్డాను. భుజం మీది సంచీ దానంతటదే జారి కిందపడింది.

“ఆ ఎవరూ లేనివాణ్ణి నేనేనండీ,” అన్నాను. “మీరు చూసిన ప్రతి ముక్కలోనూ ఈయన వెనక బెల్టు పట్టుకుని నేనున్నాను. ఈయన పీలిస్తే నేను వదిలాను, ఈయన వదిలితే నేను పీల్చాను. లేకపోతే అన్నీ ఇప్పుడు చూశారే, ఇలాగే ఉండేవి. ఈయన చేతిలో ఉన్నది ఒట్టి డబ్బా. నిలకడ నాది. ఈయనకి నిలకడంటే ఏంటో ఇంట్లో తెలీదు, నీళ్ళలోనూ తెలీదు.”

ఇంకా అన్నాను. గ్లాసు సంగతి చెప్పాను, సైకిల్ సంగతి చెప్పాను. ఓడకి వాటితో ఏం పని అన్నది ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ నోట్లో గొట్టం పెట్టుకుని మింగినవన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. అక్క నేలకేసి చూస్తోంది. బావ నోరు కొంచెం తెరిచి, తెలియని భాషలో ఎవరో తనని పొగుడుతున్నట్టు వింటున్నాడు.

ఓడావిడ అంతా విని, “దిగండి మరి,” అంది.

దిగాను. ఆ డబ్బా పిడులు రెండూ నా చేతుల్లోకి రావడం అదే మొదలు. చల్లగా, కుదురుగా ఉన్నాయి. పలకకి ఎదురుగా వెళ్ళి, నల్లగుర్తుని కెమెరా చిన్నతెరలో నడిమధ్య కూర్చోబెట్టాను. కాళ్ళు ముడిచాను. మోచేతులు డొక్కలకి ఆనించాను. ఇక నేను చేయవలసింది ఊపిరి తీయడం ఒక్కటే.

తీయలేదు. ఎదురుచూశాను. దేనికోసం చూస్తున్నానో మొదట నాకే అర్థం కాలేదు. ముందునుంచి బుడగల చప్పుడు రావాలి, అది వచ్చాక నేను పీల్చాలి. రాలేదు. ముందు గోడ ఉంది. రొమ్ము మండుతుంటే గబుక్కున గుటకేసినట్టు పీల్చాను. పైకి లేచిపోయాను. కంగారుపడి ఉన్నదంతా వదిలేశాను, ఆ బుడగలు నా చెవుల పక్కనుంచే గలగలా పోయాయి, ఆ చప్పుడు వినగానే ఒళ్ళు అలవాటుకొద్దీ పీల్చేసింది. నా ఊపిరికి నేనే ఎదురు తీస్తున్నాను. సగం పీల్చి వదిలాను, వదలకముందే పీల్చాను. నల్లగుర్తు పైకి పోయింది, పక్కకి పోయింది, ఒకసారి పూర్తిగా కనపడకుండా పోయింది. ఆ పిల్లలా చిన్నగా తీద్దామనుకున్నాను. నా చిన్న ఊపిరి ఎంతుంటుందో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. నాకు తెలిసిన ఊపిరి ఒక్కటే, అది నాది కాదు, అది పైన బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది.

బావకి కొట్టినదానికంటే ముందే నాకు పానా కొట్టేశారు.

గదిలోకి వచ్చేసరికి ఓడావిడ తెరమీది టేపు గోరుతో పీకుతోంది.

“ఆయన కనీసం ఒక వరసలో ఊగారు,” అంది నాతో. “మీకు ఆ వరస కూడా లేదు.”

కోపంగా కూడా అనలేదు. పడక ఆ వలల అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్ల ఎగరలేదు, గంతులెయ్యలేదు, తన సంచీ తాను భుజాన వేసుకుని మాకు దారి ఇమ్మని అడిగి వెళ్ళిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో తడిబెంచీ మీద నేనూ బావా మిగిలాం. నేను తల ఎత్తలేదు. గెలిచిన వెధవలా మీసం మెలేస్తాడని, ఇంటికెళ్ళేదాకా ఎత్తిపొడుస్తాడని కాచుకుని కూర్చున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి. బావ చెవి తుడుచుకోవడం మానేసి, నావైపు వంగాడు.

“నువ్వెందుకు ఊగావురా?” అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు, పరీక్ష తప్పిన పక్కబెంచీవాణ్ణి అడిగినట్టు.

నీళ్ళు పలచగా ఉన్నాయి బావా అంటే నమ్మేవాడు. నమ్మి, చూశావా నే చెప్పలా అని భుజం తట్టేవాడు. ఇద్దరం ఆ అబద్ధం మీద హాయిగా ఇంటికెళ్ళేవాళ్ళం. ఆ మాట నాలుకదాకా వచ్చింది కూడా. ఆయన సాకు నేను వాడుకోవడమా అని రోషమొచ్చింది. మిగిలింది నిజమొక్కటే.

“ముందు మీరు లేరు బావా,” అన్నాను.

బావ ఆ మాటని కాసేపు లోపల తిప్పి చూసుకున్నాడు. నేను ఇన్నేళ్ళుగా చెప్పిన ఏ మాటనీ ఆయన అంత సేపు పట్టించుకోలేదు. క్రమంగా మొహం విచ్చుకుంది.

“అదీ సంగతి,” అన్నాడు.

తిరుగుదారిలో టాక్సీ డ్రైవర్‌కి చెప్పాడు. మధ్యలో టీ తాగడానికి ఆగితే అక్కడ ఎవరో నీటిబట్టలు చూసి ఏం పనని అడిగారు, వాళ్ళకి చెప్పాడు. ఫోన్లో మా పడవవాళ్ళందరికీ చెప్పాడు. “ముందు నేను లేకపోతే మావాడు ఒక్క ఊపిరి సరిగా తీయలేడండీ. నేనన్నది కాదు, వాడే ఒప్పుకున్నాడు.” ఓడ గురించి, ఊగిన బొమ్మ గురించి, పలచని నీళ్ళ గురించి ఇక ప్రస్తావనే లేదు. పోటీకి వెళ్ళి ఆయన తెచ్చుకున్న బహుమతి ఆ ఒక్క మాటే. ప్రతిసారీ దానికి కొంచెం మెరుగు పెట్టి చెబుతున్నాడు. ఇల్లు చేరేసరికి ఆయన కథలో నేను కొలనులో ఏడ్చాను కూడా.

ఇంట్లో నేను సంచులు దింపి, తడిబట్టలు బాల్కనీలోకి తీసుకెళ్ళాను. లోపల బావ ఇంకెవరికో ఫోన్ చేసి మొదటినుంచీ మొదలుపెట్టాడు. అక్క నా వెనకే వచ్చి, నా చేతిలో చొక్కా అందుకుని పిండింది.

“వింటున్నావుగా,” అంది. “అబద్ధమైతే వెళ్ళి కాదని చెప్పరా.”

అబద్ధమైతే చెప్పేవాణ్ణే.